రెండో చెంప

క్లెమ్ బ్యాగ్‌షా మంచివాడని షెఫీల్డులో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. చెప్పుకోనివ్వండి. హిల్డా స్టానిఫోర్త్ ముందు మాత్రం ఆ మాట అనకపోవడం మేలు. ఆమె చేతిలో ఎప్పుడూ ఏదో ఒక కత్తి ఉంటుంది.

ఇద్దరివీ ఒకే యార్డులో ఎదురెదురు కొట్లు. మధ్యలో రాళ్లు పరిచిన కాస్త జాగా, ఒక నీళ్ల పంపు. ఒకప్పుడు ఆ యార్డు నిండా మంగలికత్తులు చేసేవాళ్లే ఉండేవారు. చక్రం మీద ఉక్కును అరగదీసేవాళ్లు, మెరుగు పెట్టేవాళ్లు, పిడి బిగించేవాళ్లు, ఆఖర్న రాయి మీద పదును తీసేవాళ్లు. పారేసే బ్లేడ్లు బజార్లోకి వచ్చాక ఒక్కొక్కరే తలుపులు మూసుకుపోయారు. మిగిలింది వీళ్లిద్దరే. చచ్చిపోయినవాళ్ల సొరుగుల్లో, అటకల మీద దొరికిన తుప్పు కత్తుల్ని హిల్డా విప్పి, తుడిచి, మెరుగు పెడుతుంది. క్లెమ్ వాటికి పదును తీస్తాడు. రాతిపని తెలిసినవాడు ఊళ్లో మరొకడు లేడు కాబట్టి ఆమె బాగుచేసిన కత్తి అతని దగ్గరికి పోక తప్పదు. అయినా ఆమె తన కాళ్లతో అతని గడప తొక్కదు. పై వీధిలో సెలూన్ నడిపే ముసలి స్టాన్ మార్పుల్స్ అటూ ఇటూ కత్తులు మోస్తాడు, అటూ ఇటూ తిట్లు కూడా మోస్తాడు.

"ఆ మెరుగుదానితో చెప్పు, యంత్రం పెట్టి రుద్దేస్తే ఉక్కు వేడెక్కుతుందని," అంటాడు క్లెమ్.

"ఆ ముసలాడితో చెప్పు, వాడు పుట్టకముందు నుంచీ మా అమ్మ మెరుగు పెట్టిందని," అంటుంది హిల్డా. అని, అడుగున మిగిలిన టీ ఆకును తీసుకెళ్లి సరిగ్గా అతని గుమ్మం ముందు పారబోస్తుంది. అతను చీపురుతో దాన్ని మళ్లీ ఆమె వైపు తోస్తాడు. ఏళ్ల తరబడి ఆ రాళ్ల మధ్య టీ ఆకు అలా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

ఈ పగకు కారణం హిల్డా మొగుడు రెజ్. రెజ్ చక్రం మనిషి. చక్రం ముందు కూర్చుని ఉక్కును వంపు తిరిగేలా అరగదీయడంలో అతనిది మంచి చెయ్యి. అతనూ క్లెమూ ఒక పళ్లెంలో తిని పెరిగిన స్నేహితులు. రెజ్ అరగదీసిన కత్తికి క్లెమ్ పదును తీసేవాడు. ఒకసారి సిడ్నీలోని ఏదో దుకాణానికి పెద్ద ఆర్డరు వచ్చింది. కత్తి ముఖం మీద కంగారూ బొమ్మ చెక్కాలన్నారు, చెక్కారు. ఓడ పోతోందని తొందరపెట్టారు, తొందరగానే పంపారు. కొన్ని నెలలకు పెట్టెలన్నీ తిరిగొచ్చాయి. గీస్తుంటే వెంట్రుకలు పీకుతున్నాయట, చర్మం తెగుతోందట.

అలాంటప్పుడు ఆ యార్డులో రెండు చెంపల తీర్పు అని ఒక పద్ధతి ఉండేది. చక్రం మనిషికీ, రాయి మీద పదును తీసే రాతి మనిషికీ కత్తి దగ్గర తగవొస్తే, చక్రం మనిషి ఆ కత్తిని తడి రాయి మీద పెడతాడు. తడి రాయి మీద పెట్టిన కత్తిని రాతి మనిషి కాదనకూడదు. అందరి ముందూ దానికి పదును తీసి, తన కుడి చెంప తానే గీసుకోవాలి. అద్దం చక్రం మనిషి పట్టుకోవాలి. నెత్తురు కారితే ఉక్కుది తప్పు. కారకపోతే రాతి మనిషి అందరూ వినేలా "తప్పు రాయిది" అని, ఎడమ చెంప చక్రం మనిషికి అప్పగించాలి. అతను ఆ చెంప గీశాడా, తగవు అక్కడితో సరి. మళ్లీ ఎవరూ ఎత్తకూడదు.

ఆ రోజు రెజ్ అద్దం పట్టుకున్నాడు. క్లెమ్ గీసుకున్నాడు. చెంప మీంచి నెత్తురు చొక్కా కాలరు దాకా కారింది. రెజ్ చక్రం మీద ఉక్కును మాడ్చి మెత్తబరిచాడని యార్డు యజమాని ఆ సాయంత్రమే అతన్ని పంపేశాడు. ఊళ్లో ఇంకే చక్రం దగ్గరా అతనికి చోటు దొరకలేదు. పేరు మాత్రం దొరికింది. మాడ్చిన రెజ్. ట్రాముల షెడ్డులో నేల ఊడుస్తున్నా మాడ్చిన రెజ్జే, బీరు కొట్లో మూల కూర్చున్నా మాడ్చిన రెజ్జే. బళ్లో అతని కూతురిని మాడుపిల్ల అన్నారు. రెజ్ ఎవరితోనూ వాదించలేదు. గడ్డం పెంచాడు, అంతే. కత్తుల ఊళ్లో కత్తులు చేసిన మనిషి బతికినన్నాళ్లూ మళ్లీ మొహానికి కత్తి తాకించలేదు. ఊపిరితిత్తుల్లో చక్రం దుమ్ముతో దగ్గి దగ్గి, ఆ గడ్డంతోనే పోయాడు.

ఇదంతా ముప్పై ఏళ్ల కిందటి మాట. హిల్డా పళ్లు నూరుకుంటూ ఊరుకునేదే. క్లెమే ఊరుకోలేదు.

ఈమధ్య పాత కత్తులు పోగుచేసే పెద్దమనుషులు ఒక సంఘం పెట్టుకున్నారు. శనివారాలు కార్లేసుకుని వచ్చి క్లెమ్ కొట్లో చుట్టూ నిలబడి అతను పదును తీస్తుంటే చూస్తారు. క్లెమ్ వాళ్లకు పని చూపిస్తూ మధ్యలో కబుర్లు చెబుతాడు. అందులో ఒకటి మాడ్చిన రెజ్ కథ. "చక్రం మీద ఉక్కును ఎక్కువసేపు ఆనించారనుకోండి, మా రెజ్ గతే పడుతుంది," అని మొదలుపెట్టి, చొక్కా కాలరు దాకా వచ్చేసరికి చెంప మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. అందరూ నవ్వుతారు. ఎదురు కొట్లోకి ఆ నవ్వు శుభ్రంగా వినిపిస్తుంది. ప్రతి శనివారం హిల్డా యంత్రం ఆపి, నవ్వు అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చుని, మళ్లీ యంత్రం వేస్తుంది. ఆమెకు కావలసింది పెద్దదేమీ కాదు. ఆ పేరు చెప్పి నవ్విస్తున్న నోరే ఆ పేరు తీసెయ్యాలి. తాను పోయేలోగా అది జరగాలి.

మార్చిలో స్టాన్ ఎవరిదో ఇల్లు ఖాళీ చేస్తే దొరికిన కత్తుల డబ్బా తెచ్చి ఆమె బల్ల మీద కుమ్మరించాడు. తుప్పు పట్టినవి, పిడి విరిగినవి, పిడిని ఎలుకలు కొరికినవి. ఒకదాని తుప్పును బొటనవేలితో రుద్దింది హిల్డా. తోక కనిపించింది. ఇంకా రుద్దితే కాళ్లు, చెవులు. కంగారూ.

"ఇదెక్కడిదిరా స్టాన్?"

"అన్నీ ఆ డబ్బాలోవే. ఆ ఇంటాయన మన గోదాములో పనిచేసినవాడేలే. తిరిగొచ్చి తుక్కు కింద పోయే సరుకులోంచి ఒకటి జేబులో వేసుకునుంటాడు." తర్వాత అతనూ బొమ్మను చూశాడు. "వద్దే హిల్డా. నీళ్లలో పడెయ్."

ఆమె పడెయ్యలేదు. పిడి మేకులు కొట్టి, పిడికి రెండు వైపులా బిగించిన రేకులు విప్పింది. రేకుల కింద, ఎవరికీ కనిపించని చోట, ఉక్కు మీద మూడు అడ్డగీతలు. రెజ్ తాను చేసిన ప్రతి కత్తి మీదా అక్కడే గీసుకునేవాడు. ఆమె ఆ మూడు గీతల మీదా వేలితో రాసింది. తర్వాత యంత్రం జోలికి పోకుండా, నూనెలో తడిపిన మెత్తని పొడితో, గుడ్డతో, చేత్తోనే రోజుల తరబడి తుప్పు తీసింది. తుప్పంతా పోయాక గోటితో మీటింది. కత్తి గంటలా మోగింది. మాడిన ఉక్కు మోగదు, చెక్కలా చప్పుడు చేస్తుంది. సన్న ఆకురాయి తెచ్చి, పిడిలోకి దూరే కొన దగ్గర పెట్టి లాగింది. ఆకురాయి కరవలేదు, జారిపోయింది. గట్టి ఉక్కు.

ఇక అసలు సంగతి వెన్ను మీద ఉంది. పదును తీసేటప్పుడు కత్తిని రాయి మీద పడుకోబెడతారు, అంచుతో పాటు వెన్ను కూడా రాయికి ఆనుతుంది, రాయి ఎలా ఉంటే వెన్ను అలా అరుగుతుంది. ఈ కత్తి వెన్ను రెండు చివర్లా వెడల్పుగా అరిగింది. నడుమ ముట్టుకున్నట్టే లేదు. రాయి నడుమ గుంట పడితే తప్ప అలా అరగదు. రాయిని ఇంకో రాయితో రుద్ది చదును చేసుకోవడం రాతి మనిషి రోజూ పొద్దున్నే చెయ్యాల్సిన పని. ఓడ తొందరలో ఆ పని ఎగ్గొట్టిన ఒకడు, గుంటపడ్డ రాయి మీద ఆర్డరంతా లాగేసి, అదే రాయి మీద తీర్పు కత్తికీ పదును తీసి, నెత్తురు కార్చుకుని ఉక్కును నిందించాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

"నాకు తెలిసింది చాలదు. వాడి నోటితో రావాలి," అంది హిల్డా.

"ముసలాడు ఒప్పుకుంటాడంటావే?" అన్నాడు స్టాన్.

"ఒప్పుకోడు. అందుకే శనివారం వెళ్తున్నా."

శనివారం క్లెమ్ కొట్టు నిండా మనుషులు. సంఘం అధ్యక్షుడు, మెడకు బో టై కట్టుకున్న విల్ఫ్రెడ్ అనే పెద్దమనిషి, అందరికన్నా ముందు నిలబడ్డాడు. క్లెమ్ కథ చొక్కా కాలరు దాకా వచ్చింది. అప్పుడు హిల్డా లోపలికొచ్చింది, వెనకాల టోపీ నలుపుకుంటూ స్టాన్. నవ్వబోయినవాళ్లు ఆమె మొహం చూసి ఆగిపోయారు.

"ఏంటి, దారి తప్పావా?" అన్నాడు క్లెమ్.

"దారి బాగానే తెలుసు. నీ మొహం చూడాల్సిన పని ఇన్నాళ్లూ పడలేదు."

మనుషుల్ని మోచేత్తో తప్పించుకుంటూ బల్ల దగ్గరికి నడిచి, కత్తిని అతని తడి రాయి మీద పెట్టింది. కొత్త పిడి, ముఖం మీద కంగారూ, అంచు మాత్రం ఎలా దొరికిందో అలాగే.

క్లెమ్ చూశాడు. అతని చెయ్యి తనకు తెలియకుండానే కుడి చెంప మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుగా ఉంది అది.

"ఎక్కడిది నీకిది?"

"ఎక్కడిదైతే ఏం. గుర్తుపట్టావుగా."

"మాడిపోయిన సరుకు. దీనికి పదును నిలవదు."

"నిలవకపోతే నెత్తురు కారుతుంది. నీకు అలవాటేగా."

విల్ఫ్రెడ్ గొంతు సవరించుకున్నాడు. "ఏంటండీ ఇది? ఏదైనా ఆచారమా?"

"ఆచారమే బాబుగారూ," అన్నాడు స్టాన్, నేల చూస్తూ. పద్ధతి మొత్తం, రెండు చెంపలూ, తగవు సరిపోయే తీరూ చెప్పాడు. పెద్దమనుషుల కళ్లు మెరిశాయి. వాళ్లకు ఇంతకన్నా మంచి శనివారం ఏముంటుంది.

"నాకు డెబ్బై దాటాయి హిల్డా. ఈ నాటకాలు ఇప్పుడెందుకు?"

"నాటకం నేను మొదలుపెట్టలా. ప్రతి శనివారం నువ్వు ఆడుతున్నదే. ఈ వారం ఆఖరి అంకం ఉంది, అంతే. రాయి తడిగా ఉంది. వద్దనుకుంటే తీసి పక్కన పెట్టు. పెట్టి, వీళ్లకి రేపట్నుంచి ఏం కబుర్లు చెప్తావో చెప్పు."

క్లెమ్ చుట్టూ చూశాడు. అందరూ అతని చేతుల్నే చూస్తున్నారు. ఆ చేతుల కోసమే కదా వాళ్లు కార్లేసుకొచ్చేది. అతను ముక్కాలి పీట లాక్కుని కూర్చున్నాడు.

కత్తిని పక్కన పెట్టి, ముందు చదును రాయి తీశాడు. పదును రాయి మీద నీళ్లు చల్లి, రెండు రాళ్లనూ ఒకదానితో ఒకటి రుద్దడం మొదలుపెట్టాడు. బల్ల మీదికి బూడిదరంగు బురద కారింది. తుడిచి, స్కేలు నిలబెట్టి, వెలుతురు కింద నుంచి వస్తోందేమో చూసి, మళ్లీ రుద్దాడు.

"బాగా రుద్దు," అంది హిల్డా. "ఆ రోజు ఇందులో పావు వంతు రుద్దుంటే నా మొగుడు నేల ఊడ్చుకుంటూ చచ్చేవాడు కాదు."

"నోరు మూసుకుని ఉంటావా, పని చేసుకోనిస్తావా?"

"రెండూ చెయ్యను."

అతను కత్తిని పడుకోబెట్టి లాగాడు. వెనక్కి తిప్పి మళ్లీ లాగాడు. మొదట్లో చప్పుడు రెండు ముక్కలుగా వచ్చింది, నడుమ ఆని చివర్లు ఆనక. ఆ చప్పుడుకు క్లెమ్ తల ఎత్తలేదు. అర్థమైన మనిషి తలెత్తడు. బయట పట్టుకున్న వాన చప్పుడూ రాయి చప్పుడూ తప్ప కొట్లో ఇంకేం లేదు. చాలాసేపటికి రెండు ముక్కలూ కలిసి ఒకటే సన్నని రాగం అయింది. హిల్డాకు ఒళ్లు ఝల్లుమంది. చిన్నప్పుడు ఈ యార్డులో రోజంతా వినిపించిన రాగం అది. ఇంత బాగా పని తెలిసిన దొంగవెధవను తిట్టడానికి కూడా మాట చాలదనుకుంది.

ఆఖరి లాగుల్లో అతని మణికట్టు ఒక వెంట్రుకవాసి పైకి లేచింది. అంచు మడిచేసి నెత్తురు రప్పించడానికి అది చాలు. పెద్దమనుషుల్లో ఎవరికీ కనిపించలేదు.

"మణికట్టు దించు," అంది హిల్డా.

"నువ్వు నాకు నేర్పుతావా?"

"నేర్పను. చూస్తున్నానని చెప్తున్నా."

అతను దించాడు. మళ్లీ మొదట్నుంచి లాగాడు. తర్వాత తోలుపట్టీ మీద అటూ ఇటూ కొట్టి, మొహమంతా సబ్బు నురగ పట్టించుకున్నాడు. హిల్డా గోడకున్న అద్దం తీసి అతని ముందు పట్టుకుంది. రెజ్ కూడా ఇలాగే నిలబడి ఉంటాడు.

చెవి కింద పెట్టి కిందికి లాగాడు. నురగ పోయిన చోట చర్మం పసిపిల్లాడిదిలా బయటపడింది. దవడ వంపు తిప్పాడు, మెడ దాకా వచ్చాడు. నెత్తురు చుక్క లేదు. స్టాన్ వంగి చెంపను వేలితో తడిమి, లేచి టోపీ తీశాడు.

"అను," అంది హిల్డా.

క్లెమ్ ఏదో గొణిగాడు.

"వెనకాల వాళ్లకి వినపడలా. కథలు చెప్పేటప్పుడు గొంతు బాగానే లేస్తుందిగా."

"తప్పు రాయిది." అతను అద్దంలోకే చూస్తూ అన్నాడు. "నా రాయి గుంటపడింది. నేను చూసుకోలా. రెజ్ ఉక్కు మాడ్చలేదు. అతని ఉక్కు ఎప్పుడూ మాడలేదు."

విల్ఫ్రెడ్ మొహం ఎర్రబడింది. ఇన్ని శనివారాలు నవ్వింది ఎవర్ని చూసో అప్పటికి అర్థమైనట్టుంది. "అయితే ఆ మాడ్చిన అనే మాట..." అని సగంలో ఆపేశాడు.

"ఇంకెప్పుడూ అనకండి," అన్నాడు క్లెమ్.

హిల్డా అద్దం దించింది. ఇంతకాలం మోసింది దిగిపోయింది. దిగితే ఏడుపొస్తుందేమోనని భయపడింది గానీ రాలేదు.

క్లెమ్ కత్తిని నీళ్లలో ముంచి, తుడిచి, పిడి ఆమె వైపు తిప్పి అందించాడు. తల వెనక్కి వాల్చి ఎడమ చెంప ఆమెకు ఇచ్చాడు. కళ్లు మూసుకున్నాడు. నురగ కింద గొంతు నరం కొట్టుకోవడం కనిపించింది. ఆమె కత్తి తీసుకుని అతని మీదికి వంగింది.

అప్పుడు అతను ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు. "రెజ్‌కి తెలుసు."

"ఏం తెలుసు?"

"రాయి సంగతి. తీర్పైన మర్నాడు ఎవరూ లేనప్పుడు నేను రాయి చదును చేస్తుంటే వచ్చాడు. గుంట చూశాడు. మా ఆవిడ కడుపుతో ఉంది, పని పోతే గతి లేదు, చెప్పొద్దని కాళ్లు పట్టుకున్నా. సరే అన్నాడు. ఎవరికీ చెప్పనన్నాడు." కళ్లు తెరిచి ఆమెను చూశాడు. "నీకూ చెప్పలేదని నాకు తెలీదు. మంచి మనిషే హిల్డా. నన్ను క్షమించేశాడు."

కత్తి అతని చెంప మీద ఆనే ఉంది. హిల్డాకు ఒక్కసారిగా ఎన్నో గుర్తొచ్చాయి. రొట్టెకు కొవ్వు రాసుకోవడానికి కూడా లేని రోజులు. మాడుపిల్ల అన్నారని కూతురు ఏడుస్తూ వస్తే, గడ్డం దువ్వుకుంటూ పొయ్యి వైపు చూస్తూ కూర్చున్న రెజ్. ఎందుకు మాట్లాడవని తాను కేకలేస్తే, మాట్లాడి ఏం లాభం అన్న రెజ్.

"క్షమించాడా?" అంది.

"ఎవరికీ చెప్పలేదు కదా."

"అది కాదు నేనడిగేది. ఆ మర్నాడు ఎడమ చెంప ఇచ్చావా అతనికి?"

క్లెమ్ కళ్లు పక్కకు తిప్పుకున్నాడు.

"ఇచ్చావా?"

"ఇచ్చాను. నురగ రాసుకుని కత్తి చేతిలో పెట్టాను."

"గీశాడా?"

వాన పెరిగింది. విల్ఫ్రెడ్ మెడ చాచి వినడానికి చూస్తున్నాడు.

"లేదు," అన్నాడు క్లెమ్. "చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు."

హిల్డా నడుము నిటారు చేసింది. కత్తిని రెండు వైపులా ఏప్రన్‌కు తుడిచింది, మెల్లగా, పని తెలిసిన మనిషి తుడిచినట్టు. మడిచి జేబులో వేసుకుంది.

"నేనూ గియ్యను," అంది.

"హిల్డా. పద్ధతి అది కాదు."

"పద్ధతి నీకు ఇవాళ గుర్తొచ్చిందా?"

స్టాన్ తలుపు తీసి పట్టుకున్నాడు. వెనక ఎవరో తువ్వాలు ఇవ్వబోతే క్లెమ్ వద్దన్నాడు. సగం మొహం నున్నగా, సగం మొహం మీద నురగ ఆరిపోతుండగా అలాగే పీట మీద కూర్చుండిపోయాడు.

తన కొట్లోకి వచ్చి హిల్డా యంత్రం వేసింది. బల్ల మీది డబ్బాలోంచి చేతికి దొరికిన తుప్పు కత్తి తీసింది, మళ్లీ పెట్టేసింది, యంత్రం ఆపేసింది. అనుకున్నది జరిగింది. రేపట్నుంచి ఆ పేరు ఎవరూ అనరు. క్లెమ్ మీద ఆమెకు కోపం తగ్గలేదు, తగ్గాలని ఆమెకూ లేదు. కానీ ఆ మధ్యాహ్నం ఆమె కళ్ల ముందు తిరిగింది క్లెమ్ మొహం కాదు. చివరి రోజుల్లో మంచం మీద దగ్గు ఆగినప్పుడల్లా తన చేత్తో దువ్విన ఆ తెల్లని గడ్డం. అవమానం భరించలేక పెంచుకున్నాడనుకుని ఎంత ప్రేమగా దువ్విందో. ఆ గడ్డం వెనకాల రెజ్ నోరు కట్టేసుకుని, పెళ్లానికీ బిడ్డకూ దక్కాల్సిన ఒక్క మాటను స్నేహితుడి పెళ్లాం కోసం మింగేసి, తాను మాత్రం ఎవరినీ క్షమించకుండా పోయాడు.

"నాకు చెప్పొచ్చుగా రెజ్," అంది పైకే. "నేనెవరికి చెప్పేదాన్ని?"

చెప్పేదే. యార్డంతా దద్దరిల్లేలా ఆ రోజే చెప్పేది. ఆ సంగతి రెజ్‌కు తెలుసు, ఆమెకూ తెలుసు. జేబులోంచి కత్తి తీసి, ఆ పూటే దాని కొత్త పిడి మళ్లీ విప్పింది. మూడు గీతల్నీ చూస్తూ కూర్చుని, చచ్చిన మొగుణ్ణి మొదటిసారి తిట్టడం మొదలుపెట్టింది.